అండమాన్ తేనెపిట్ట కోసం ఎనిమిది రోజులు: ఎక్కడ దిగితే బాగా కనిపిస్తుంది

విశాఖపట్నం సీతమ్మధారలో మా పెరటి మందార చెట్టు మీదికి రెండు రకాల తేనెపిట్టలు ప్రతిరోజూ వస్తాయి. ఒకటి, ఎండ పడినప్పుడు నీలంగానూ ఊదాగానూ మెరిసే నల్లని మగపిట్ట, దాని వెంట తిరిగే వెలిసిన పసుపు రంగు ఆడపిట్ట. రెండోది, ముదురు ఎరుపు వీపూ పసుపు పొట్టా ఉండి, నడుము మీద ఊదా మెరుపు ఉన్నది. ముక్కు బాగా పొడవుగా, కొడవలిలా వంగి ఉండే లోటెన్ తేనెపిట్ట అనే మూడో రకాన్ని నేను కంబాలకొండ అడవి అంచున చూశాను. ముప్ఫై ఏళ్లకు పైగా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పినందువల్ల పూలకూ, వాటి దగ్గరికి వచ్చే పక్షులకూ మధ్య ఉన్న సంబంధం మీద నాకు మొదటినుంచీ మక్కువ ఉంది. మన బంగాళాఖాతానికి ఆవలి వైపున, అండమాన్ దీవుల్లో, వీటికి భిన్నమైన మరో తేనెపిట్ట ఊళ్లలోనూ తోటల్లోనూ పిచ్చుకంత మామూలుగా తిరుగుతుందని చదివినప్పటి నుంచి దాన్ని చూడాలన్న కోరిక ఉండిపోయింది. గడిచిన ఫిబ్రవరిలో మా వదినతో కలిసి వెళ్లి, ఎనిమిది రోజులు ఉండి వచ్చాను. ఇదే పిట్ట కోసమో, అండమాన్ పక్షుల కోసమో వెళ్లాలనుకునేవారికి పనికివస్తుందని ఆ అనుభవాన్ని రాస్తున్నాను.

ముందుగా పిట్ట గురించి చెప్పాలి. పక్షుల పుస్తకాల్లో చాలాకాలంగా దీని పేరు ఆలివ్ బ్యాక్డ్ సన్‌బర్డ్. ముక్కుతో తోకతో కలిపి పదకొండు పన్నెండు సెంటీమీటర్లకు మించదు. వీపు ముదురు ఆకుపచ్చలో కాస్త గోధుమ రంగు కలిసినట్టు ఉంటుంది, పొట్ట నిండు పసుపు. మగదానికి గొంతు నుంచి రొమ్ము దాకా ముదురు నీలం మెరుస్తుంది, ఆడదానికి గొంతు కూడా పసుపే. ఈ జాతికి లిన్నేయస్ 1766లోనే శాస్త్రీయ నామం పెట్టాడు, అయితే ఆగ్నేయాసియా నుంచి ఆస్ట్రేలియా దాకా ఒకటే జాతిగా లెక్కించిన ఈ పిట్టను ఈమధ్య శాస్త్రవేత్తలు అనేక జాతులుగా విడదీశారు. కొత్త జాబితాల్లో అండమాన్ పిట్ట ఆర్నేట్ సన్‌బర్డ్ కిందికి వచ్చింది, కాబట్టి రెండు పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అండమాన్‌లో ఉండే రూపాన్ని విడిగా గుర్తించి వర్ణించినవాడు ఎ.ఓ. హ్యూమ్. 1885లో కాంగ్రెస్ మహాసభ స్థాపనకు పూనుకున్న హ్యూమ్ ఆయనే. అంతకు పన్నెండేళ్ల ముందు, 1873లో, ఆయన పక్షుల కోసమే అండమాన్, నికోబార్ దీవులు తిరిగాడు.

విశాఖ ఓడరేవు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ ఉన్నమాట నిజమే గాని, అది ఎప్పుడో గాని బయలుదేరదు, సముద్రం మీద రెండు రోజులకు పైగా పడుతుంది. తీరిక ఉన్నవారికీ, ఓడ ప్రయాణమే ముచ్చట అనుకునేవారికీ అది మంచిదే. తిరుగు తేదీ మన చేతిలో ఉండదు గనక మేము చెన్నై మీదుగా విమానంలో వెళ్లాము. పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. హేవ్‌లాక్, నీల్ దీవులకు 2018 డిసెంబరులోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. టికెట్ల మీద కొత్త పేర్లు ఉంటాయి, మాటల్లో పాత పేర్లే వినిపిస్తాయి, కాబట్టి రెండూ గుర్తుంచుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన విషయం పొద్దు. మన దేశమంతటికీ కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం ఒకటే గడియారం. విశాఖ ఆ రేఖకు పక్కనే ఉంది, అండమాన్ మాత్రం పది డిగ్రీలు తూర్పుకు జరిగి ఉంది, అంటే అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు నలభై నిమిషాలు ముందు లేస్తాడు. ఫిబ్రవరిలో ఐదు ముప్పావు అయ్యేసరికి తెల్లగా తెల్లవారిపోయింది, సాయంత్రం ఐదున్నరకు దీపాలు వెలిగాయి. తేనెపిట్టలు పొద్దు పొడిచిన మొదటి రెండు గంటలూ పూల మీద తెరిపి లేకుండా తిరిగి, ఎండ ముదిరాక చెట్ల లోపలికి తగ్గిపోతాయి. ఇంటి దగ్గర లాగా ఆరున్నరకు లేచి, కాఫీ తాగి, నింపాదిగా బయలుదేరితే మంచి సమయం సగం పోయినట్టే. మొదటి రోజు మాకు అదే జరిగింది.

మొదటి రెండు రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లో అబర్డీన్ బజారుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక హోటల్లో దిగాము. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, జెట్టీ దగ్గర. కాని కిటికీలు తెరుచుకోనివి, చుట్టూ కాంక్రీటు గోడలు, ఒక్క పూల మొక్క లేదు. దిగినచోట పిట్టలు ఎందుకు, తిరగడానికి వెళ్లినచోట కనిపిస్తాయి గదా అనుకుని బుక్ చేశాను. ఆ లెక్క పొరపాటని తర్వాత తెలిసింది. తేనెపిట్ట ఒక్కొక్క పువ్వు దగ్గర నిలిచేది రెండు మూడు క్షణాలు. అమెరికా ఖండాల హమ్మింగ్‌బర్డ్‌ల మాదిరి గాలిలో నిలిచి తాగడం దీనికి అరుదు, సాధారణంగా కొమ్మను పట్టుకునో, పూలగుత్తికి వేలాడో తాగి వెళ్లిపోతుంది. అయితే పూలున్న చెట్టును గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ అదే చెట్టుకు వస్తుంది. కాబట్టి దాన్ని వెంబడించి చూడటం కుదరదు, పూల చెట్టు ఎదుట మనం కూర్చోవాలి. అలా కూర్చోవడానికి దారి పక్క కంటే దిగిన ఇంటి వసారా ఎంతో మేలు.

చిడియాటాపు గురించి వెళ్లేవారందరూ అడుగుతారు. పోర్ట్‌బ్లెయిర్‌కు దక్షిణంగా సుమారు 25 కిలోమీటర్లు. చిడియా అంటే హిందీలో పిట్ట. పేరుకు తగ్గట్టు పక్షులు నిజంగానే బాగుంటాయి, పొడవు తోక చిలుకలు, తెల్ల తల గోరింకలు, అండమాన్ ఏట్రింతలు అక్కడ తేలిగ్గా కనిపించాయి. మేము వెళ్లింది మధ్యాహ్నం తర్వాత, సూర్యాస్తమయం చూడటానికి వచ్చే బండ్లన్నీ వచ్చే వేళ. మాతో వచ్చిన గైడు, ఆయన పేరు చెప్పను, తేనెపిట్ట అనగానే ఫోనులో దాని కూత పెట్టి స్పీకరు పొద వైపు తిప్పాడు. నిమిషంలో మగపిట్ట ఒకటి రెక్కలు విదుల్చుకుంటూ, గొంతు ఉబ్బించి, తన చోటులోకి మరో మగది వచ్చిందనుకుని ఫోను మీదికి దూకబోయింది. గూళ్లు కట్టుకునే రోజుల్లో అలా దాన్ని ఉత్తుత్తినే పోట్లాటకు దింపడం తప్పు. ఆపమని చెప్పాను, ఆయన ఆపాడు గాని, ఇంక ఆ సాయంత్రం మా వదినకు గాని నాకు గాని మనసు కుదుటపడలేదు. గైడును మాట్లాడుకునేటప్పుడే, కూతలు వినిపించి పక్షులను పిలిచే పద్ధతి వద్దని ముందుగా చెప్పండి.

తిరిగి వస్తూ సిప్పీఘాట్ దగ్గర ఆగాము. 2004 సునామీని తెచ్చిన భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగి, ఇక్కడి వరి పొలాల్లోకి సముద్రపు నీరు వచ్చి నిలిచిపోయింది. ఇప్పుడు అది కొంగలకూ ఉల్లంకులకూ నెలవు. గట్ల వెంట మడ చెట్లు పెరుగుతున్నాయి. మడ అడవుల్లోని బ్రుగీరా చెట్లలో పెద్ద పూలు పూసే రకాలకు పక్షులే పరాగాన్ని చేరవేస్తాయి. పూరేకులు పుప్పొడిని బిగించి పట్టుకుని ఉంటాయి, తేనె కోసం పిట్ట ముక్కు తగలగానే విచ్చుకుని పుప్పొడిని దాని తల మీద చిమ్ముతాయి. ఏళ్ల తరబడి తరగతిలో బొమ్మ గీసి చెప్పిన ఈ సంగతిని కళ్లారా చూస్తానేమోనని గంటసేపు నిలబడ్డాను. పూలున్న చెట్టు ఒకటే దొరికింది, దాని మీద ఆడ తేనెపిట్ట వాలింది, కాని పువ్వు విచ్చుకోవడం చూసే అవకాశం రాలేదు. బైనాక్యులర్స్‌లో దాని నుదుటి మీద మాత్రం పసుపు పొడి కనిపించింది. ఆ గంట కోసం మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను.

2021లో మౌంట్ మణిపుర్ అని పేరు మార్చిన మౌంట్ హారియట్ కొండకు ఒక ఉదయం కేటాయించాము. అడవి గొప్పది, అటవీశాఖ అనుమతి అక్కడే ఇచ్చారు. కాని తేనెపిట్ట మాకు దారి అంచు పూలమొక్కల దగ్గర తప్ప లోపల కనిపించలేదు. దీనికి దట్టమైన అడవి కంటే వెలుగు పడే అంచులూ, తోటలూ, తీరపు పొదలూ ఇష్టం. ఈ పిట్ట కోసమే అయితే ఈ కొండ అవసరం లేదు.

మూడో రోజు స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లాము. దీవుల మధ్య తిరిగే పడవల్లో రెండు రకాలున్నాయి. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయలుదేరే ప్రభుత్వ ఫెర్రీలు చౌక, రెండు గంటలకు పైగా పడుతుంది, పై అంతస్తులో గాలికి నిలబడి సముద్రాన్ని చూడవచ్చు. టికెట్లు ముందే అయిపోతుండటం వాటితో చిక్కు. హ్యాడో వైపు నుంచి వెళ్లే ప్రైవేటు ఫెర్రీలు గంటన్నరలో చేరుస్తాయి. అద్దాల గది, ఏసీ, టీవీ ఉంటాయి, బయటికి రావడానికి వీలుండదు. వెళ్లేటప్పుడు ప్రైవేటు దానిలోనూ, వచ్చేటప్పుడు ప్రభుత్వ ఫెర్రీలోనూ వచ్చాము. మూసి ఉన్న గదిలో మా వదినకు తల తిరిగింది, డెక్కు మీద నిలబడి వచ్చినప్పుడు ఏమీ కాలేదు. సముద్ర పక్షులను చూడాలనుకునేవారికి ప్రభుత్వ ఫెర్రీయే సరైనది.

స్వరాజ్ ద్వీప్‌లో దిగిన రిసార్టు ఈ ప్రయాణంలో మేము ఎక్కువ డబ్బు పెట్టిన చోటు, ఎక్కువ నిరాశ పడిన చోటు కూడా. కుటీరాలు అందంగా ఉన్నాయి, సముద్రం ఎదురుగా ఉంది, సిబ్బంది మర్యాదగా ఉన్నారు. కాని ఆవరణంతా కత్తిరించిన పచ్చగడ్డి, వరసగా నాటిన అలంకారపు ఈత జాతి చెట్లు. తేనె ఉన్న పువ్వు ఒక్కటైనా ఉందా అని వెతకాల్సి వచ్చింది. అంతకంటే బాధ కలిగించింది, రెండు సాయంత్రాలూ దోమల పేరుతో ఆవరణంతా పొగమందు కొట్టడం. ఆ మందుకు దోమలతోపాటు సాలీళ్లు, చిన్న పురుగులు అన్నీ చస్తాయి. తేనెపిట్ట పెద్దయ్యాక తేనె తాగినా, పిల్లలకు మాత్రం పురుగులనూ సాలీళ్లనూ తెచ్చి పెడుతుంది. గూడు అల్లడానికీ దానికి సాలెపట్టే దారం. ఈ సంగతి అక్కడి మేనేజరుకు వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, దోమలున్నాయని అతిథులు ఫిర్యాదు చేస్తారని జవాబిచ్చాడు. దోమతెర కట్టి ఇస్తే సరిపోయేదాన్ని మందుతో చేయడం సరికాదని ఇప్పటికీ నా అభిప్రాయం. గది బుక్ చేసేముందు ఫోను చేసి, పొగ కొడతారా, తోటలో ఏయే పూల మొక్కలున్నాయి అని అడగండి. అడిగేవారు పెరిగితే మందు తగ్గుతుంది. రాధానగర్ తీరం గురించి అందరూ రాశారు, అది అందరూ చెప్పినంత బాగుంది.

అక్కడి నుంచి షహీద్ ద్వీప్‌కు మారాక మా ప్రయాణం ఒక దారిన పడింది. ఇది చిన్న దీవి, కూరగాయల సాగుకు పేరు. 1960ల్లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ఇక్కడ భూములిచ్చారు. రామనగర్, సీతాపుర్, భరత్‌పుర్, లక్ష్మణ్‌పుర్ అని ఊళ్లకు రామాయణంలోని పేర్లుండటంతో మా వదినకు దిగగానే ఆప్యాయత కలిగింది. జెట్టీకి దూరంగా, పొలాల మధ్య ఒక బెంగాలీ కుటుంబం నడుపుతున్న హోమ్‌స్టేలో మూడు రాత్రులున్నాము. రాత్రికి 1,800 రూపాయలు, భోజనం వేరు. సముద్రం కనిపించదు, ఏసీ లేదు, ఫోను సిగ్నలు వచ్చి పోతూ ఉంటుంది, నగదు వెంట ఉంచుకోవాలి. కాని ఇంటి ముందు వసారా, వసారాకు ఎదురుగా నాలుగు ఎర్రని రేక మందారలు, ఒక నూరువరహాల పొద, పక్కన గెలలు వేసిన అరటి చెట్లు, వెనక కొబ్బరి తోట ఉన్నాయి. పక్షులు చూసేవారికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరూ చేయలేరు.

ఉదయం ఐదున్నరకు కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. వెలుగు రాకముందే కీచుగా, గబగబా, ఒకదాని వెంట ఒకటిగా కూతలు వినిపించేవి. తర్వాత మగపిట్ట మొదట అరటిపువ్వు మీదికి వచ్చేది. అరటిపువ్వు దొప్ప ఒక్కొక్కటే పైకి లేచినప్పుడు దాని కింది వరసలోని చిన్న పూలలో చిక్కని తేనె ఉంటుంది. పిట్ట తలకిందులుగా వేలాడి వరసంతా తాగి, ముక్కును దొప్పకు రెండు వైపులా తుడుచుకుని మందార మీదికి దూకేది. మందార దగ్గర దాని పద్ధతి వేరు. పువ్వు ముందు నుంచి పోతే కేసరాల గొట్టం అడ్డం వస్తుంది గనక, పక్కన వాలి, పువ్వు అడుగున ముక్కుతో చీల్చి, ఆ రంధ్రంలోంచి తేనె తీసుకుంటుంది. అంటే పువ్వుకు చేయవలసిన పని చేయకుండా కూలి తీసుకున్నట్టు. కరీబియన్ దీవుల్లో బననాక్విట్ అనే పిట్ట కూడా పొడవు గొట్టం పూలను ఇలాగే అడుగున పొడుస్తుంది. వేరే ఖండం, వేరే కుటుంబం, అయినా దీవుల తోటల్లో తేనె మీద బతికే చిన్న పిట్టకు అదే ఉపాయం తట్టింది. విశాఖలో మా పెరటి పిట్టలు కూడా ఇదే చేస్తాయి. వాడిన మందారలను ఏరితే అడుగున సన్నని చీలికలు కనిపిస్తాయి.

మగపిట్ట గొంతు రంగు గురించి ఒక మాట. నీడలో అది నల్లని మసిలా ఉంటుంది. ఎండ వెనకనుంచి వస్తున్నప్పుడు చూసి, ఇంతేనా అని చాలామంది లేచిపోతారు. సూర్యుణ్ణి మన వీపు వెనక ఉంచుకుని కూర్చుంటే, పిట్ట తల తిప్పిన క్షణంలో గొంతు నుంచి రొమ్ము దాకా లోహం కాగినట్టు నీలం పాకుతుంది. అది రంగు పూసినట్టు ఉండే రంగు కాదు, ఈక నిర్మాణంలోనే వెలుతురు విరిగి తిరిగి రావడం వల్ల కలిగేది, అందుకే కోణం మారితే మాయమవుతుంది. మా వదిన పక్షులు చూసే అలవాటు లేని మనిషి, నాకు తోడుగా వచ్చింది. రెండో ఉదయం ఆ నీలం కనబడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడో ఉదయం నాకంటే ముందు లేచి కుర్చీ వేసుకుంది.

చివరి రోజు పోర్ట్‌బ్లెయిర్‌కు తిరిగి వచ్చాక, విమానానికి ముందు జంగ్లీఘాట్‌లో తెలుగు భోజనం దొరుకుతుందని ఆటో ఎక్కాము. అక్కడ మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా మాటలు విని ఆటో అబ్బాయి, "విశాకపట్నమా అమ్మా? మా తాతది శ్రీకాకులం పక్క" అన్నాడు. ఎనిమిది రోజులు ఏం చూశారని అడిగితే పిట్ట సంగతి చెప్పాను. "పసుపు పొట్ట పిట్టేనా? అది మా ఇంట్లోనే ఉందమ్మా, దండేనికి గూడు కట్టీసింది. రండి, సూపిస్తాను" అని ఇంటికి తీసుకువెళ్లాడు.

రేకుల ఇల్లు, ముందు చిన్న అరుగు, అరుగు మీద ఈ కొస నుంచి ఆ కొసకు బట్టలారేసే నైలాను తాడు. ఆ తాడు మధ్యలో జానెడు పైచిలుకు పొడవున గూడు వేలాడుతోంది. ఎండుగడ్డి, కొబ్బరిపీచు, బెరడు ముక్కలు, ఎండుటాకులు సాలెపట్టుతో కలిపి కుట్టినట్టున్నాయి. పక్కన గుండ్రని ద్వారం, దాని మీద వాన పడకుండా ఇంటి చూరు లాంటి చిన్న చూరు, గూటి కింద తోకలా వేలాడే పీచులు. గూడు అల్లేది ఆడదే, మగది దగ్గరలో కూస్తూ తిరుగుతుంది. మేము పదడుగుల దూరంలో గోడ పక్కన నిలబడ్డాము, ఫోటో కూడా అక్కడి నుంచే తీశాము. ఆ అబ్బాయి తల్లి లోపలి నుంచి వచ్చి, గూడు కట్టడం మొదలుపెట్టిన నాటి నుంచి బట్టలు వెనక గోడ మీద ఆరేస్తున్నామని చెప్పింది. "బట్టలు ఎక్కడైనా ఆరుతాయి గదమ్మా. మీకాడ ఈ పిట్ట నేదా?" అని అడిగింది. మా దగ్గర ఉన్నది వేరే పిట్ట అని, అదీ ఇలాగే గూడు వేలాడదీస్తుందని చెబుతుండగానే ఆడపిట్ట ముక్కున తెల్లని సాలెపట్టు పోగుతో వచ్చి తాడు మీద వాలింది. మమ్మల్ని ఒకసారి అటూ ఇటూ చూసి లోపలికి దూరింది. గూటి గోడ లోపలి నుంచి అక్కడక్కడా ఉబ్బుతుండటం బయటికి తెలుస్తోంది, రొమ్ముతో నొక్కి లోపలి పరుపు సర్దుకుంటోంది. నాలుగు నిమిషాల్లో మూడుసార్లు వెళ్లి వచ్చింది. మూడోసారి తెచ్చింది కోడి మెత్తని ఈక.